తూము రాయి ముందు తడిబట్టలు

(పోయిన వారం కథ బొమ్మలకుంట చెరువు కట్ట మీద ఆగింది. ఏళ్ల తర్వాత నిండిన చెరువు తూము తెరవడానికి నాయకుడు విష్ణువర్ధన్ వచ్చాడు. ఆయన్ను పొగడడానికి కట్టిన ఫ్లెక్సీ ఆయన్నే తిట్టింది. ఊరు పగలబడి నవ్వింది. ఆ పొగడ్త చెప్పిన నీరుగంటి ఎర్రిస్వామి మీద నింద పడింది. కావాలని చేయలేదని తడిబట్టలతో గంగమ్మ ముందు ప్రమాణం చేయాలనీ, లేదంటే తాతల నాటి నుంచి ఆ ఇంట్లో ఉన్న తూము పిడిని అక్కడే వదిలిపెట్టి పోవాలనీ పెద్దమనిషి నరసింహప్ప తీర్పు చెప్పాడు. ఎర్రిస్వామి మారుమాట లేకుండా చెరువులోకి దిగాడు.)

ఎర్రిస్వామి నీళ్లలోంచి లేచేసరికి కట్ట మీద ఎవరో నవ్వారు.

పెద్ద నవ్వేం కాదు. ఆపుకోలేక ముక్కులోంచి జారిన నవ్వు. నీళ్ల మీద అది బాగా వినిపించింది. మెట్టు మీద కాలు పెట్టబోయిన ఎర్రిస్వామి ఒక్క క్షణం ఆగి, తల ఎత్తకుండానే పైకి నడిచాడు. తడిసిన పంచె కాళ్లకు చుట్టుకుంది. చొక్కా వీపుకు అంటుకుని పక్కటెముకలు లెక్కపెట్టేలా కనిపిస్తున్నాయి.

భార్య హనుమక్క చేతిలో పొడి టవలు ఉంది. ఇవ్వడానికి లేదు. ప్రమాణం పూర్తయ్యేదాకా తడిసిన మనిషిని ఎవరూ ముట్టుకోకూడదు. ఆమె ఆ టవలును మడిచి, విప్పి, మళ్ళీ మడుస్తోంది.

"నాయనకు ఏం బయమే?" అంది పక్కనున్న కూతురితో. "ఆయప్ప కడుపులో ఏమన్నా ఉంటే కదా. గంగమ్మకు తెలీదా ఏంది?"

జయంతి చున్నీ అంచును వేలికి చుట్టుకుంటోంది.

ఫ్లెక్సీని నిన్ననే చించేశారు. ఫోన్లలో ఉన్నదాన్ని చించడం మాత్రం ఎవరి వల్లా కాలేదు. ఎర్రిస్వామి చెప్పిన పొగడ్తలో తప్పేమీ లేదు. నాయకుడి రాక గురించి ఊరంతా కూర్చున్న సమావేశంలో అందరి ముందూ చేయి ఊపి మరీ చెప్పాడు.

నీళ్లు తెచ్చింది ఆయన!
కాదు ఉత్తమాటల మనిషి!

మధ్యలో ఊపిరి తీసుకున్నాడు. ఆ ఊపిరిలోనే ఉంది పొగడ్తంతా. ఫ్లెక్సీ మీదికి వచ్చేసరికి ఊపిరి పోయింది. 'కాదు' అనే మాట కింది వరస వదిలి పై వరసకు ఎక్కింది.

నీళ్లు తెచ్చింది ఆయన కాదు
ఉత్తమాటల మనిషి

దాని కింద విష్ణువర్ధన్ రెండు చేతులూ జోడించి, అవును నిజమే అని ఒప్పుకుంటున్నట్టు నవ్వుతున్నాడు.

ఇంకేముంది! పామిడి బస్సు కండక్టరు "టికెట్ తీసుకుంది ఆయన కాదు, ఉత్తమాటల మనిషి" అంటూ టికెట్లు కొట్టాడు. టీ అంగడి కుళ్ళాయప్ప ఎర్రిస్వామికి గ్లాసు అందిస్తూ "టీ తాగింది ఆయన... యాడ ఆపల్ల ఎర్రిస్వామన్నా? నువ్వే చెప్పు, నీకు బాగా తెలుసు కదా!" అన్నాడు. ఎర్రిస్వామి గ్లాసు ముట్టకుండానే లేచి వచ్చేశాడు.

అంతగా నవ్వడానికి కారణం వేరే ఉంది. ఫ్లెక్సీ చెప్పింది నిజం. చెరువు నింపింది ఈ ఏటి వాన. విష్ణువర్ధన్ తెస్తానన్న కాలువ ఇంకా మాటల్లోనే ఉంది. ఆ సంగతి ఊరందరికీ తెలుసు. ఎవరూ పైకి అనలేదు. పొరపాటున ఒక ఫ్లెక్సీ అనేసింది.

"రా ఎర్రిస్వామీ" అన్నాడు నరసింహప్ప.

తూము పక్కన పసుపు పూసిన రాయి ఉంది. అదే గంగమ్మ. రాయి ముందు ఇనుప పిడి పెట్టారు. దాన్ని తూము మీది మరకు తగిలించి తిప్పితే తలుపు లేస్తుంది, నీళ్లు కాలువల్లోకి పోతాయి. ఏ మడికి ముందు, ఏ మడికి తర్వాత అని పంచేది నీరుగంటి. ఆ పిడి పట్టుకున్న మనిషిని ఎంత పెద్ద రైతైనా 'ఏమప్పా' అని గౌరవంగానే పిలుస్తాడు. ఎర్రిస్వామికి సొంతంగా సెంటు మడి లేదు. ఉన్నదల్లా ఆ పిలుపే.

రాయికి అవతల కట్ట మీద విష్ణువర్ధన్ తెల్లకారు నిలబడి ఉంది. అద్దాలు మూసి ఉన్నాయి. లోపల ఆయన భార్య ప్రశాంతి కూర్చుని ఉంది. విష్ణువర్ధన్ బానెట్‌కు ఆనుకుని చేతులు కట్టుకున్నాడు. వెనకాల అతని పనులన్నీ చూసే దివాకర్.

"బిర్రీన కానీ నరసింహప్పా" అన్నాడు విష్ణువర్ధన్. "పాపం, తడిసినాడు."

ఆ 'పాపం' విని కొందరు మళ్ళీ నవ్వారు.

"రాయి మీద చెయ్యి పెట్టి నాతో పాటు చెప్పు" అన్నాడు నరసింహప్ప. "గంగమ్మ సాచ్చిగా, నేను గానీ..."

"గంగమ్మ సాచ్చిగా, నేను గానీ..."

"నా ఇంటోళ్లు గానీ..."

ఎర్రిస్వామి ఆగాడు. "ఇంటోళ్లు ఎందుకప్పా? మాట చెప్పింది నేను కదా?"

"నీ పాప పనిచేసేది ఆ ఫ్లెక్సీ అంగట్లోనే కదప్పా. ఇంటిల్లిపాదికీ కలిపి చెప్పల్ల. అదే పద్ధతి."

ఎర్రిస్వామి కూతురి వైపు తిరిగాడు. పొద్దుటి నుంచి వంచిన తలను మొదటిసారి ఎత్తాడు. ఆ ముఖంలో సిగ్గు పోయి ఏదో ధైర్యం వచ్చింది.

"చెప్తా. దానికేంది! నా బిడ్డకు తెలిసి జరిగింటే నాకు చెప్పకుండా ఉంటుందా? ఈ ఊర్లో ఎవురి నోరు తప్పు పలికినా దాని చెయ్యి తప్పు రాయదు."

జయంతి తల దించుకుంది.

ఆమెకు అంతా తెలుసు. 'కాదు' పై వరసకు ఎందుకు ఎక్కిందో తెలుసు. ఫ్లెక్సీ తయారైపోయాక దివాకర్ ఫోన్ చేసి, "అక్క ఫోటో మర్సిపోయినాం. కింద కుడిపక్క పెద్దగా పెట్టు" అన్నాడు. ప్రశాంతి ఫోటో పెట్టేసరికి కింది వరసకు చోటు తగ్గింది. ఒక మాట పైకి పోయింది. అక్షరాలు కొంచెం చిన్నవి చేస్తే దానంతటదే కిందికి దిగేది. చిటికెలో పని.

జయంతి చదివింది. నవ్వింది. అంగట్లో ఎవరూ లేనప్పుడు నోటికి చున్నీ అడ్డం పెట్టుకుని మరీ నవ్వింది. అలాగే వదిలేసింది.

ఇలాంటివి ఆమెకు కొత్త కాదు. ఒక మెస్ ఓనరు 'మా మెస్‌లో తిన్నోళ్లు మళ్ళీ రారు అనే మాటే లేదు' అని రాయించుకుని, బోర్డు మొదటి సగం మీదే పడేలా ట్యూబ్‌లైటు బిగించుకున్నాడు. 'మా మెస్‌లో తిన్నోళ్లు మళ్ళీ రారు' అన్నంతవరకే రాత్రిళ్లు వెలుగుతూ ఉండేది. నెలలు గడిచినా అతను గమనించలేదు. ఫ్లెక్సీ అంగట్లో పనిచేసే ఎవరికైనా తెలిసిన సంగతి ఒకటుంది. అచ్చుకు ముందు నమూనా పంపిస్తే జనం చూసేది మాటలు కాదు, తమ ముఖం. తన ఫోటో పక్కవాడి ఫోటో కన్నా చిన్నదా పెద్దదా అంతే. తర్వాత 'ఓకే'.

ఇదీ అలాగే పోతుందనుకుంది. ఎవరో ఒకరిద్దరు చదివి నవ్వుకుంటారు. ఆ నవ్వు విష్ణువర్ధన్‌కు తగులుతుంది, తగలాలి కూడా. ఎండాకాలంలో నాయన తూము తలుపు బాగు చేయించమని అడగడానికి అతని ఇంటికి పోయాడు. తోడు జయంతి కూడా పోయింది. చెప్పులు గేటు బయట విప్పి, కాలే బండల మీద ఒక కాలు మార్చి ఒక కాలు పెడుతూ నాయన నిలబడ్డాడు. లోపలి నుంచి "చూద్దాంలే" అనే మాట మాత్రం వచ్చింది, మనిషి రాలేదు. చివరికి తలుపు బాగు చేసుకున్నది ఊరివాళ్లే. అలాంటి మనిషిని నాయన పొగిడాడు. "పోనీలే పాపా, మంచి మాట అంటే మనిషి గూడా మంచిగా మారతాడు" అన్నాడు. ఆ రోజు నాయనను చూసి ఆమె సిగ్గుపడింది.

ఇప్పుడు అదే నాయన తడిబట్టలతో వణుకుతూ, నా బిడ్డ చెయ్యి తప్పు రాయదు అంటున్నాడు.

"నా ఇంటోళ్లు గానీ" ఎర్రిస్వామి గట్టిగా అన్నాడు. "తెలిసి ఈ పని..."

"ఆగు నాయనా!"

అరిచింది తనేనని జయంతికి తర్వాత తెలిసింది. హనుమక్క చేతిలోని టవలు కింద పడింది.

"ఆ మాట అనొద్దు. నేను చూసినా."

"ఏం చూసినావు?" అన్నాడు ఎర్రిస్వామి. అర్థం కాలేదు అతనికి.

"అచ్చు కాకముందే చూసినా. తప్పు పడిందని తెలుసు. సరిచేయలేదు."

ఎర్రిస్వామి రాయి మీద పెట్టిన చేయి తీశాడు.

"చదివినావా?"

"చదివినా నాయనా."

"అర్థమయిందా అప్పుడే?"

"అయింది."

అతను ఆమె ముఖంలోకి చూశాడు. ఇంకేదో అడగబోయి, అడగాలా వద్దా అని తనలో తాను తేల్చుకోలేకపోతున్నట్టు కనిపించాడు.

"నగినావా?"

జయంతి అబద్ధం చెప్పవచ్చు. ఆ ఒక్కటీ ఎవరికీ తెలియదు. అంగట్లో ఒంటరిగా నవ్విన నవ్వుకు సాక్షి లేదు.

"నగినా నాయనా."

ఊరంతా నవ్వినప్పుడు తట్టుకున్న మనిషి, ఆ ఒక్క మాటకు వంగిపోయాడు. నిజంగానే వంగాడు. మోకాళ్ల మీద చేతులు ఆనించి, నీళ్లు కారుతున్న తలతో కింద నేలను చూస్తూ నిలబడ్డాడు. జయంతి ముందుకు కదలబోయింది. తడిసిన మనిషిని ముట్టుకోకూడదని గుర్తొచ్చి ఆగిపోయింది. ముట్టుకోగలిగినా నాయన ముట్టనిచ్చేవాడు కాదని కూడా తెలిసింది.

"విన్నావు కదా నరసింహప్పా?" విష్ణువర్ధన్ బానెట్ మీంచి లేచాడు. "ఇంటి దొంగతనం బయటపడింది. పిడి కుళ్ళాయప్పకు ఇయ్యి. పని అయిపాయ."

గుంపులో కుళ్ళాయప్ప తడబడ్డాడు. "నాకెందుకన్నా? నాకు టీ కాచేది తప్ప..."

"తిప్పేది ఇనుప పిడే కదప్పా, దానికేం చదువు కావల్ల?"

జయంతికి ఒళ్లు మండింది. సిగ్గు అడుగున ఎక్కడో మిగిలిన కోపం అది.

"నేనొక్కదాన్నే చూడలేదన్నా" అంది రాయి దగ్గరికి నడిచి. "అచ్చు కాకముందు దివాకరన్నకు నమూనా పంపినా. చదివి చెప్పన్నా అని గూడా పెట్టినా. ఓకే అని వచ్చింది. ఆ తర్వాతే అచ్చేసినా."

అందరూ దివాకర్ వైపు తిరిగారు. దివాకర్ ముఖం పాలిపోయింది. అతను విష్ణువర్ధన్ దగ్గరికి జరిగి చెవిలో చెప్పాడు. గుసగుసే గానీ, రాయి దగ్గరున్న తండ్రీ కూతుళ్లకు వినిపించింది.

"నేను తెరిచి గూడా సూడలేదన్నా. ఫోటో అక్కది కదా అని అక్కకే పంపిస్తి. అక్క ఓకే అనింది. అదే ఓకే నేను ఈ పాపకు కొట్టినా."

"మీ అక్క తన ఫోటో చూసుకునింటుంది లే. మాటలు యాడ చదువుతుంది."

అలా అన్నాడే గానీ విష్ణువర్ధన్ కారు వైపు నడిచాడు. అద్దం మీద వేలితో కొట్టాడు. అద్దం సగం దిగింది. జయంతికి ప్రశాంతి ముఖం కనపడలేదు. పట్టుచీర అంచు, అద్దం మీద ఆనిన గాజులు మాత్రం కనపడ్డాయి. మాటలు రాయి దాకా వినిపించాయి.

"ఫ్లెక్సీ నమూనా నీకు పంపినాడంట. ఫోటో చూసి ఓకే అన్నావా?"

"ఫోటో చూడలేదు."

"మరి?"

"చదివినా" అంది ప్రశాంతి. గొంతులో తొందర లేదు. "పక్కన నా మొగం ఉండాది కదా, ఏం మాటల పక్కన నిలబెట్టినారో అని చదివినా. చదివే ఓకే అన్నా."

విష్ణువర్ధన్ వెనక్కి తిరిగి గుంపును చూశాడు. ఎవరైనా విన్నారేమోనని. మళ్ళీ అద్దం దగ్గరికి వంగాడు.

"ఎందుకు?"

"ఈడే చెప్పమంటావా? ఇంతమంది ముందర?"

అద్దం పైకి లేచింది.

విష్ణువర్ధన్ తిరిగి వచ్చేటప్పుడు అతని నడక మారిపోయింది. జయంతి అతన్ని ఎప్పుడూ అంత చిన్నగా చూడలేదు. నేరుగా ఎర్రిస్వామి దగ్గరికి వచ్చి, భుజం మీద చేయి వేయబోయి, తడిని చూసి ఆగాడు.

"ఎర్రిస్వామీ, నా మాట విను" అన్నాడు గొంతు తగ్గించి. "ఈ పంచాయితీ పెంచుకుంటే నీ బిడ్డ పేరు పోతుంది. పెండ్లి కావల్సిన పాప. నేనొక దారి చెప్తా. 'చేసింది నేనే, తమాషాకు చేసినా, పాప నా మీద ప్రేమతో నెత్తిన ఏసుకునింది' అని ఒక్క మాట చెప్పు. నేను అందరి ముందర క్షమించినా అంటా. నవ్వుకుంటారు, పోతారు. పిడి నీదే. నీ కాలం అయ్యేదాకా నీదే. నేను పూచీ."

ఎర్రిస్వామి తల ఎత్తాడు. గడ్డం మీంచి నీటిచుక్కలు రాలుతున్నాయి.

"అబద్ధం చెప్పమంటాండావా? గంగమ్మ ముందర?"

"ఒక్క అబద్ధం. రెండు ఇండ్ల మానం."

రెండు ఇండ్లు. జయంతి ఆ మాట పట్టుకుంది. అతను కాపాడుతున్నది ఎవరి ఇల్లో ఆమెకు తెలుసు. నాయనకూ తెలుసు. తెలిసినా నాయన ఒప్పుకుంటాడని ఆమెకు అనిపించింది. జీవితమంతా ఒప్పుకున్నాడు. గేటు బయట చెప్పులు విప్పాడు, చూద్దాంలే అంటే సరేనన్నాడు, చేయని పనికి పొగడ్త కట్టాడు. ఇప్పుడూ ఒప్పుకుంటాడు. పిడి నిలబడుతుంది. తను బతికినన్నాళ్లూ నాయన ముఖం చూడలేకపోతుంది.

"వద్దు నాయనా" అంది.

ఎర్రిస్వామి రాయి ముందుకు నడిచాడు. తడి అడుగులు మట్టిలో పడ్డాయి. చేయి రాయి మీద పెట్టాడు. గుంపు దగ్గరికి జరిగింది.

"గంగమ్మ సాచ్చిగా" అన్నాడు. "ఆ మాట కట్టింది నేనే."

విష్ణువర్ధన్ ఊపిరి వదిలాడు. పెదవి మీదికి చిరునవ్వు రాబోయింది.

"నా నోట్లో ఉన్నప్పుడు అది పొగడ్తే" ఎర్రిస్వామి అన్నాడు. "అయితే పొగిడిన దానికి నాకు సిగ్గుగా ఉండాది. చెరువు నింపింది వాన. అది నాకు తెలుసు. మీకూ తెలుసు. తెలిసి పొగిడినా. నన్ను చూసి నా బిడ్డ నగిందంటే, నగాల్సిన పనే చేసినా నేను. అదొక్కటే నా తప్పు. మిగతాది నేను చూడలేదు. చూసినోళ్లు వేరే ఉండారు. వాళ్ల మాట వాళ్లే చెప్పల్ల."

వంగి ఇనుప పిడిని తీసుకున్నాడు. కళ్లకు అద్దుకోలేదు. దాన్ని నరసింహప్ప చేతిలో పెట్టాడు.

"ఇది నీ కాడ ఉండనీ. అందరూ చెప్పినాక ఎవరికియ్యల్లో వాళ్లకియ్యి."

"ఎర్రిస్వామీ!" విష్ణువర్ధన్ గొంతు పగిలింది.

ఎర్రిస్వామి అతని వైపు చూడలేదు. కూతురి వైపు చూశాడు. ఆ చూపులో కోపం లేదు. క్షమాపణా లేదు. జయంతికి తెలిసిన నాయన ఎవరో, ఇప్పుడు ఎదురుగా ఉన్నది ఎవరో ఒక్కసారిగా అర్థం కాలేదు.

"పో పాపా" అన్నాడు. "నీళ్లలో మునిగి రా. నువ్వు చెప్పిందే చెప్పుదువు, ఈసారి తడిబట్టలతో చెప్పు."

"ఆడపిల్లప్పా, ఇంతమందిలో..." అని హనుమక్క ఏడుపు మొదలెట్టింది. నరసింహప్ప చేయెత్తి ఆమెను ఆపాడు. ఎవరూ నవ్వలేదు.

జయంతి చెప్పులు విప్పింది. మెట్లు దిగింది. మొదటి మెట్టు గోరువెచ్చగా ఉంది, కింది మెట్టు పాచి పట్టి జారుతోంది. నీళ్లు చీలమండలు దాటి మోకాళ్ల దాకా వచ్చాయి. వెనకాల ఊరంతా తన వీపును చూస్తోందని తెలుస్తోంది. ఏడవకూడదనుకుంది. ఏడిస్తే నీళ్లలో కలిసిపోతుంది కదా అనుకుంది. అందుకే ఏడ్చింది.

పైన కారు తలుపు తెరుచుకున్న చప్పుడైంది.

"ప్రశాంతీ! ఎక్కు లోపలికి!" విష్ణువర్ధన్ అరుపు. "దివాకర్, ఆపరా ఆమెను!"

దివాకర్ ఆపినట్టు లేదు. మెట్ల మీద గాజుల గలగల కిందికి దిగి వచ్చింది. జయంతి తల తిప్పలేకపోయింది. నీళ్ల మీద ఎర్రని పట్టుచీర నీడ వచ్చి ఆమె నీడను ఆనుకుని నిలిచింది.

"కొంచెం జరుగు పాపా" అంది ప్రశాంతి. "నేనూ మునగల్ల."